చున్నీ, బస్సు, కెమెరా: డ్రెస్ కోడ్ లేని ఆఫీసులో ఒక కేసు

గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. కొలతలు, ఖర్చులు, తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనకున్న లెక్క మాత్రం మార్చలేదు. కెరీర్ కౌన్సెలింగ్ చేసేవాళ్ళకీ, చిన్న ఊళ్ళ ఆఫీసుల్లో హెచ్ఆర్ చూసేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

విజయనగరంలో అరవై మంది దాకా పనిచేసే ఆఫీసు. విదేశీ ఆసుపత్రుల బిల్లులు సరిచూసే పని. చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో దుస్తుల గురించి ఒక్కటే ముక్క: శుభ్రంగా, సౌకర్యంగా ఉండాలి. యజమాని టీషర్టు, చెప్పులతో వచ్చేస్తాడు. శుక్రవారం నాడు సగం మంది జీన్సులో ఉంటారు.

ఉద్యోగినికి 31 ఏళ్ళు, ఏడేళ్ళ అనుభవం. పక్క మండలంలోని ఊరి నుంచి రోజూ బస్సులో వస్తుంది, ఒకవైపు గంట ప్రయాణం. అత్తమామలతో కలిసి ఉంటుంది. పనిలో తప్పులు చాలా తక్కువ. కొత్తవాళ్ళకి నేర్పేదీ ఆమే. అయినా టీమ్ లీడ్ పోస్టు రెండుసార్లు ఆమెని దాటి వేరేవాళ్ళకి పోయింది. అప్రైజల్‌లో ఆమె మేనేజరు రాసిన వాక్యం ఇది: "పని బాగుంది, ప్రెజెన్స్ పెరగాలి."

ఆ వాక్యం చదువుకుని, తన దుస్తులే కారణమని ఆమెకి ఆమే తేల్చేసుకుంది. ఏం కొనుక్కోవాలో చెప్పమని నా దగ్గరికి వచ్చింది.

ముందు తేల్చుకోవలసింది

కొనుగోళ్ళ జాబితా ఇవ్వడం తేలిక. కానీ "ప్రెజెన్స్" అనే మాటలో ఏదైనా పట్టేస్తుంది: గొంతు, ఇంగ్లీషు, కూర్చునే తీరు, బట్టలు, ఒక్కోసారి వట్టి పక్షపాతం. అందుకని మొదట ఆమెని మేనేజరు దగ్గరికే తిప్పి పంపాను. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "మీకు అలా అనిపించిన రెండు సందర్భాలు చెప్పండి సార్." ఎలా మారాలి అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. సందర్భాలు అడిగితే జరిగింది చెప్పక తప్పదు.

వచ్చిన జవాబులో బట్టల మాటే లేదు. క్లయింట్ కాల్స్‌లో కెమెరా ఆపేసి కూర్చుంటుందన్నది ఒకటి. నెలవారీ రివ్యూలో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతుందని, ఎప్పుడూ ఏదో సర్దుకుంటూ ఉంటుందని రెండోది.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. జవాబు ఆమె ఒంటి తీరు గురించో, రంగు గురించో, బొట్టు మెట్టెల గురించో వచ్చి ఉంటే ఈ కేసు బట్టల కేసు కాదు. దాన్ని రాతపూర్వకంగా హెచ్ఆర్‌కి ఇవ్వాలి. మాటల్లో లైంగిక ధోరణి ఉంటే పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆఫీసులో ఉండాల్సిన అంతర్గత కమిటీకి వెళ్ళాలి. అలాంటి చోట "కాస్త పద్ధతిగా తయారవ్వు" అని సలహా ఇవ్వడమంటే తప్పు చేసినవాడిని వదిలేసి ఆమెని దిద్దడమే. ఈ కేసులో ఆ అవసరం రాలేదు.

రికార్డింగులో కనిపించింది

ఆఫీసు అనుమతితో ఒక అంతర్గత మీటింగు రికార్డింగు తెచ్చింది. అందులో ఆమె మాట్లాడింది ఇరవై నిమిషాలు. మొదట శబ్దం తీసేసి చూశాం, తర్వాత బొమ్మ చూడకుండా విన్నాం. రెండూ విడివిడిగా చూడకపోతే అసలు సంగతి దొరికేది కాదు.

బొమ్మలో: రేయాన్ కుర్తీ, మెడ ముందు భాగం ఎనిమిదిన్నర అంగుళాల లోతు. రెడీమేడ్‌లో అది మామూలే. ఆ లోతు వల్ల చున్నీ తప్పనిసరి. చున్నీ ఏమో షిఫాన్. రేయాన్ మీద షిఫాన్ నిలవదు, రెండూ జారుడు గుడ్డలే. ఎడమ భుజం మీంచి అది జారినప్పుడల్లా కుడి చెయ్యి మౌసు వదిలేసి పైకి వస్తోంది. బల్ల మీదున్న లాప్‌టాప్ కెమెరా కింద నుంచి పైకి చూస్తోంది కాబట్టి ఆ కదలికంతా ముఖం ముందే జరుగుతోంది.

శబ్దంలో: చెయ్యి కదిలిన ప్రతిసారీ గాజులు బల్లకి తగిలి గలగల. వాక్యం సరిగ్గా అక్కడే తెగుతోంది. తెగిన వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది.

కెమెరా ఎందుకు ఆపేస్తోందో అప్పుడు అర్థమైంది. బిడియం కాదు. తను సర్దుకోవడం అవతలివాళ్ళకి కనబడకూడదని. అంటే మేనేజరు చెప్పిన రెండు సందర్భాలూ ఒకే చోట మొదలవుతున్నాయి: మెడ లోతు మూడు అంగుళాలు ఎక్కువ కావడం దగ్గర. దీనికి కొత్త వార్డ్‌రోబ్ అక్కర్లేదు, ఒక కుట్టు మారాలి. ఈ నిర్ణయానికి రాకముందు జరిగిన ప్రయత్నాలు, తర్వాత ఆమె అడిగి చేసి చూసినవి, మూడున్నాయి.

పనిచేయనివి

మొదటిది బ్లేజర్. నా దగ్గరికి రాకముందే ఆన్‌లైన్‌లో 2,800 రూపాయలకి నల్ల బ్లేజర్, దానికో ప్యాంటు కొనుక్కుంది. పాలిస్టర్ లైనింగ్. మన కోస్తా ఉక్కలో బస్సులో గంటసేపు దాన్ని ఒంటి మీద ఉంచుకోవడం అయ్యే పని కాదు. చేతి మీద మోస్తే నలిగిపోతుంది. భుజం కుట్టు ఎముక దాటి ముప్పావు అంగుళం కిందికి దిగింది. బ్లేజర్‌లో భుజం తప్పితే మన టైలర్లు దాదాపుగా సరిచేయలేరు. నడుము, చేతి పొడవు అయితే చేస్తారు. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ పక్క సీటు నుంచి వచ్చింది: "ఏటమ్మా, ఇంటర్వ్యూకెల్తన్నావేటి?" నవ్వులాటకే అన్నారు. కానీ ఆ రోజంతా ఆమె ధ్యాస బ్లేజర్ మీదే ఉంది. డ్రెస్ కోడ్ లేని చోట అందరికంటే ఒక మెట్టు పైన ఉంటే గమనిస్తారు, మూడు మెట్లు పైన ఉంటే కారణం అడుగుతారు.

రెండోది పిన్నులు. చున్నీకి రెండు భుజాల దగ్గరా పిన్ను పెట్టింది. జారడం ఆగింది. కానీ చెయ్యి చాపితే చున్నీతో పాటు కుర్తీ మెడ కూడా పక్కకి లాగేస్తోంది. రేయాన్‌లో పిన్ను గుచ్చిన చోట పోగులు తెగి, నాలుగు ఉతుకులకే చిన్న చిన్న కన్నాలు.

మూడోది, కాల్ ఉన్న రోజుల్లో కాటన్ చీర. ఆమే అడిగింది. కట్టడం బాగా వచ్చు, కట్టుకుంటే నిండుగా ఉంటుంది. చేసి చూడడంలో నష్టం లేదనుకున్నాం. గంజి పెట్టిన చీర బస్సు దిగేసరికి కుచ్చిళ్ళ దగ్గర చితికిపోయేది. పొద్దున్న అదనంగా పావుగంట పట్టేది. అసలు చిక్కు వేరే. రోజూ చీర కట్టేవాళ్ళకి అది మామూలు దుస్తు. నెలకి రెండు రోజులు మాత్రమే కడితే, ఆ రెండు రోజులూ పరీక్ష రోజులని ఆఫీసుకంతా చాటినట్టే, తనకి తను కూడా చెప్పుకున్నట్టే. చీర తప్పు కాదు. అప్పుడప్పుడూ కట్టడం తప్పు.

పైమెట్టులో ఎవరేం వేసుకుంటున్నారు

రాయని కోడ్ ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. దాన్ని చదవడానికి రెండు వారాల పాటు ఒక చిన్న పని అప్పగించాను. తను కోరుకుంటున్న పోస్టులో ఇప్పటికే ఉన్నవాళ్ళు బుధవారం నాడు ఏం వేసుకున్నారో రాసుకోవాలి. సోమవారం అందరూ కాస్త తయారై వస్తారు, శుక్రవారం వదిలేస్తారు. బుధవారమే అసలు రంగు. యజమానిని లెక్కలోకి తీసుకోవద్దన్నాను. ఆయన చెప్పులేసుకొచ్చినా ఆయన యజమానే. ఆయన్ని చూసి మనం చెప్పులేసుకుంటే మనకా వెసులుబాటు లేదు.

లీడ్స్‌లో మగవాళ్ళు కాలరున్న హాఫ్ చేతుల చొక్కా, ముదురు జీన్స్, బూట్లు. ఇద్దరు ఆడ లీడ్స్: స్ట్రెయిట్ కట్ కుర్తీ, మడమ దాకా ప్యాంటు, చేతికి వాచీ. ఇద్దరికీ చున్నీ లేదు. ఇద్దరి కుర్తీలకీ మెడ పైకే ఉంది. ఒకామె బట్టలు ఖరీదైనవే, రెండో ఆమెవి కాదు. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఇస్త్రీ, వెలవని రంగు, భుజం దగ్గర సరైన కొలత. ఆమె రాసుకొచ్చిన కాగితంలో నాకు బాగా పనికొచ్చిన లైను ఇదే.

కుట్టించినది

మొత్తం 6,000 రూపాయలు, రెండు జీతాల్లో. నాలుగు కుర్తీలు ఒక్కోటి 750 (గుడ్డ 450, కుట్టుకూలి 300), రెండు ప్యాంట్లు 1,200, చేతుల్లేని జాకెట్ 1,200, వెనక పట్టీ ఉన్న చెప్పులు 600. మొదటి నెలలో ఒక కుర్తీ, ఒక ప్యాంటు, చెప్పులు మాత్రమే. నాలుగూ ఒకేసారి కుట్టిస్తే ఒకే తప్పు నాలుగింటిలోనూ వస్తుంది. ముందు ఒకటి కుట్టించి, వారంపాటు వేసుకుని, ఉతికి, అప్పుడు మిగతావి.

గుడ్డ 44 అంగుళాల పన్నా కాటన్, కుర్తీకి రెండున్నర మీటర్లు. "ప్యూర్ కాటన్" అని అమ్మేదాంట్లో ఒక్కోసారి పాలిస్టర్ కలిసి ఉంటుంది. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాలిస్తే తెలిసిపోతుంది: కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. తెచ్చిన గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాకే టైలర్‌కి ఇవ్వాలి. కాటన్ మొదటి ఉతుకులోనే కుదించుకుంటుంది. కుట్టాక కుదించుకుంటే మొదట బిగిసేది భుజం, చంక.

ఆమె ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. కుర్తీ పొడవు 38 అంగుళాలు, మోకాలికి తగిలీ తగలకుండా. రెడీమేడ్‌లో వచ్చే 44 ఆమెని ఇంకా పొట్టిగా చూపిస్తోంది, బస్సు మెట్టెక్కేటప్పుడు కాలికి అడ్డం పడుతోంది. మెడకి చైనీస్ కాలర్ (మడత లేకుండా నిలబడే పట్టీ), ముందు అయిదు అంగుళాల బటన్ పట్టీ. చేతులు ముప్పావు, 16 అంగుళాలు. కీబోర్డుకి రాసుకోవు, చేతులు కడుక్కునేటప్పుడు మడవక్కర్లేదు. ప్యాంటుకి జేబు తప్పనిసరి. ఫోను పెట్టుకునే చోటు లేకపోతే ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

మొదటి కుర్తీలో రెండు లోపాలు బయటపడ్డాయి. కూర్చుంటే తొడల దగ్గర బిగిసింది. సైడ్ కట్స్ నడుముకి ఏడంగుళాల కింద మొదలయ్యాయి, వాటిని అంగుళంన్నర పైకి విప్పించాం. రెండోది, మౌసు కోసం చెయ్యి చాపితే చంక కింద పట్టేసింది. "చంక లోతు కోసేత్తానమ్మా, అయిపోతాది" అన్నాడు టైలర్. ఇక్కడ ఆపాలి. చంక లోతు పెంచితే నిలబడ్డప్పుడు వదులుగా అనిపిస్తుంది కానీ, చెయ్యి ఎత్తగానే కుర్తీ మొత్తం పైకి లేస్తుంది. కొరత ఉన్నది వీపు వెడల్పులో. కొలత తీసినప్పుడు ఆమె చేతులు దించుకుని నిలబడి ఉంది, పనిచేసేది మాత్రం చేతులు ముందుకి చాపి. ఆ కుర్తీకి చేతి లోపలి మార్జిన్ విప్పి సర్దాం. మిగతా మూడింటికి ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు ముందుకి పెట్టించి కొలిచాడు. వీపు వెడల్పు అర అంగుళం పెరిగింది. ఆఫీసు బట్టలన్నిటికీ ఇలాగే కొలవాలని నా అభిప్రాయం. మగవాళ్ళ చొక్కాలకీ ఇదే వర్తిస్తుంది.

రంగులు ముదురు నీలం, సీసా పచ్చ, మెరూన్, గచ్చకాయ రంగు. ప్యాంట్లు నలుపు, గోధుమ. ఏ కుర్తీ మీదికి ఏ ప్యాంటు వేసినా కుదరాలి. కుదరని జత ఒక్కటున్నా పొద్దున్న అయిదు నిమిషాలు దానికే పోతాయి. అయిదో రోజు శుక్రవారం, పాత కుర్తీల్లో మెడ పైకున్న ఒకటి సరిపోతుంది.

జాకెట్‌కి ఆమె పొందూరు ఖద్దరు అడిగింది. సిక్కోలు (శ్రీకాకుళం) ఖద్దరు మీద మనందరికీ మమకారం ఉంటుంది. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేతితో వడికిన సన్న నూలు దాని గొప్పతనం. ఆ సన్నదనమే జాకెట్‌కి పనికిరాదు. పంచెకీ, చీరకీ, చొక్కాకీ ఒంటికి హాయిగా ఉండే గుడ్డ అది. జాకెట్ ఆకారం నిలబెట్టుకోవాలంటే దళసరి నేత కావాలి. కుర్తీకి వాడినా లేతరంగులో లోపలి బట్ట కనబడుతుంది, లైనింగ్ వేయాలి. లైనింగ్ వేస్తే గాలాడే గుణం సగం పోతుంది. అందుకని ముతక ఖద్దరు, ఒకటిన్నర మీటర్లు, లోపల పల్చటి కాటన్ లైనింగ్.

చున్నీ ఏమైంది

ఇంట్లో అత్తగారి మాట: "సున్నీ లేకండా బస్సెక్కుతావేటి?" ఆమె దాని మీద గొడవపడడానికి సిద్ధంగానే ఉంది. వద్దన్నాను. చున్నీ ఇబ్బంది పెడుతున్నది బల్ల దగ్గర, బస్సులో కాదు. గెలవక్కర్లేని గొడవకి ఈ కేసులో చోటు లేదు. ఒక కాటన్ చున్నీ, రెండుంబావు మీటర్లు, ప్రయాణానికి. బస్సులో దుమ్ముకీ ఎండకీ అది పనికొస్తుంది కూడా. ఆఫీసుకి రాగానే మడిచి సొరుగులోకి. ఖద్దరు జాకెట్ మాత్రం ఎప్పుడూ కుర్చీకి తగిలించే ఉంటుంది. ఇంటికి వెళ్ళదు కాబట్టి నలగదు. ఏసీ చలికీ అదే. వెనక పట్టీ ఉన్న చెప్పులు కూడా బల్ల కిందే. వానాకాలంలో రబ్బరు చెప్పులతో వచ్చి అక్కడ మార్చుకుంటుంది. మూడేళ్ళుగా ఆమె వెతుకుతున్నది ఇంటికీ ఆఫీసుకీ రెండింటికీ ఒప్పే ఒకే దుస్తు. అలాంటిది లేదు. ఆఫీసు గుమ్మం దగ్గర మారే రెండు వస్తువులు చాలు.

కెమెరా, గాజులు

లాప్‌టాప్ కింద రెండు ఏ4 కాగితాల కట్టలు పెడితే నాలుగంగుళాలు పైకి లేస్తుంది, కెమెరా కంటి ఎత్తుకి వస్తుంది. అప్పుడు విడిగా కీబోర్డు, మౌసు కావాలి. ఆఫీసులో పాతవి పడి ఉన్నాయి. కిటికీ వీపు వెనక ఉండేది, కుర్చీ తిప్పి వెలుగు ముఖం మీద పడేలా చేశాం. సన్న గళ్ళు, సన్న చారలు కెమెరాలో అలల్లా కదులుతాయి, అందుకే నాలుగు కుర్తీలూ గళ్ళూ చారలూ లేని ఒకే రంగు గుడ్డలే. తెల్లటి కుర్తీ వేసుకుంటే కెమెరా వెలుగు తగ్గించేసుకుని ముఖాన్ని నల్లగా చూపిస్తుంది.

గాజులు తీసేయమని నేను అడగలేదు. ఆమె నమ్మకానికీ ఇంటి పద్ధతికీ దెబ్బ తగలని మార్గం ముందు వెతకాలి. నోటి దగ్గరికి వచ్చే మైకున్న హెడ్‌సెట్ పెడితే గలగల చాలావరకు పోయింది. మిగిలింది మౌసు పట్టే చేతిది. ఆ చేతికి మట్టిగాజుల బదులు ఒక్క సన్నటి లోహపు గాజు వేసుకుంటానని ఆమే చెప్పింది.

ఉతుకు

నాలుగు కుర్తీలే కాబట్టి ఇది తేలిగ్గా తీసుకుంటే మూడు నెలల్లో మళ్ళీ మొదటికి వస్తాం. బియ్యం గంజి ముదురు రంగుల మీద తెల్ల మచ్చలు వదులుతోంది. సగ్గుబియ్యం మేలు: లీటరు నీళ్ళకి రెండు చెంచాలు, గింజ కరిగేదాకా కాచి, పల్చటి గుడ్డలో వడగట్టి, అర బకెట్ నీళ్ళలో కలపాలి. కుర్తీని తిరగేసి ముంచి, నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ. ఆదివారం నాలుగూ అయిపోవాలి.

ఫలితం

బట్టలు, కెమెరా ఏర్పాట్లు మారిన ఆరు వారాల దాకా ఆమె మాట్లాడే తీరులో ఏమీ మార్చలేదు. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఆ ఆరు వారాల్లోనే, ఎవరూ చెప్పకుండా, అంతర్గత మీటింగుల్లో కెమెరా ఆన్‌లో ఉంచడం మొదలుపెట్టింది. కొత్త రికార్డింగులో చెయ్యి మౌసు మీదే ఉంది, వాక్యాలు చివరిదాకా వెళ్తున్నాయి. బట్టల గురించి ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. నాకు కావలసింది అదే. "బాగున్నావు" అని నలుగురూ అంటే మెట్టు దాటేశామని అర్థం.

ఆ తర్వాత మీటింగులో మొదటి మాట తనదే అయ్యేలా కొన్ని చేశాం, అది వేరే సంగతి. మూడో నెలలో క్లయింట్ కాల్‌లో సగం భాగం ఆమెకి అప్పగించారు. తర్వాతి అప్రైజల్‌లో "ప్రెజెన్స్" వాక్యం లేదు. అయిదుగురి బృందానికి తాత్కాలిక లీడ్ అయింది. అయితే అదే సమయంలో ఒక సీనియర్ మానేశాడు, ఖాళీ వచ్చింది. కాబట్టి కుర్తీలు పోస్టు తెచ్చాయని రాయలేను. పనికీ దాన్ని చూసేవాళ్ళకీ మధ్య అడ్డుగా ఉన్న ఒకటి తొలగిందని మాత్రం రాయగలను.

ఇలాంటి కేసు మళ్ళీ వస్తే

సందర్భాలు అడగడం, రికార్డింగును విడివిడిగా చూడడం, బుధవారం లెక్క రాయడం: ఈ మూడూ అయ్యేదాకా ఎవరినీ దుకాణానికి పంపను. మగవాళ్ళ కేసుల్లోనూ దారి ఇదే, వస్తువులే వేరు. వాళ్ళలో ఎక్కువగా కనబడేది టక్ చేయని పొడుగు చొక్కా. టక్ చేసుకోవడానికి కుట్టిన చొక్కాని బయటికి వదిలేస్తే సగం తొడ దాకా వేలాడుతుంది. కింద రెండు మూడు అంగుళాలు కత్తిరించి తిన్నగా మడత కుట్టిస్తే జిప్పు మధ్యకి వస్తుంది, అదే చొక్కా కొత్తదానిలా కనిపిస్తుంది. తర్వాతిది వెలిసిన కాలరు.

ఈ కేసులో ఒకటి మిగిలిపోయింది. నల్ల ప్యాంటు వాళ్ళ ఊరి బోరు నీళ్ళకి అయిదో నెలకే ఎర్రబారింది. నల్ల కాటన్‌కి ఆ నీళ్ళలో అంతకంటే ఆయుష్షు ఉండదు. దాని స్థానంలో ముదురు బూడిదరంగు కుట్టించుకోమని చెప్పాను. వెలిసినా మరీ కొట్టొచ్చినట్టు కనబడదు, నాలుగు కుర్తీలకీ కుదురుతుంది.